టీవీ పెట్టెలోని అక్షరాలు

‘పాలు’, ‘కాలు’, ‘తాలు’, ‘సాలు’ అనే నాలుగు మాటలను ఒకసారి పైకి పలికి చూడండి. నాలుగింటికీ తోక ఒకటే. తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది. ఆ హల్లు చెవికి చేరకపోతే నాలుగు మాటలూ ‘ఆలు’గానే మిగులుతాయి.

ఏళ్ల తరబడి పెద్ద మోతలో పనిచేసిన మనిషి చెవికి జరిగేది దాదాపు ఇదే. మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కోక్లియాలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్ద తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చేవి ఇవే. ఎడతెగని మోతకు ఇవి ఒక్కొక్కటిగా నశిస్తాయి. మళ్లీ మొలవవు. మొదట దెబ్బ తినేవి సెకనుకు 3,000 నుంచి 6,000 కంపనాలుండే హెచ్చు స్థాయి ధ్వనులను పట్టే కణాలు. అచ్చుల బలమంతా తక్కువ స్థాయిలో ఉంటుంది గనుక అవి వినిపిస్తూనే ఉంటాయి. క, త, ప, స వంటి హల్లుల ఆనవాళ్లు హెచ్చు స్థాయిలో ఉంటాయి గనుక అవి జారిపోతాయి. అందుకే ఇటువంటి వారు “వినిపిస్తోంది గాని అర్థం కావడం లేదు” అంటారు. టీవీ శబ్దం పెంచినా లాభం తక్కువ. అచ్చులు మరింత మోగుతాయి, పోయిన హల్లు మాత్రం తిరిగి రాదు.

ఎనిమిది గంటల పనిదినానికి 90 డెసిబెళ్లు మోతకు పరిమితి అని మన కర్మాగారాల నియమాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. మోత వల్ల వచ్చే వినికిడి లోపాన్ని ఫ్యాక్టరీల చట్టం వృత్తి సంబంధమైన జబ్బుల జాబితాలో చేర్చింది. రోలింగు మిల్లులు, సుత్తులు, కంప్రెసర్ల మధ్య బతుకు గడిచే ఉక్కు పట్టణాలకు ఈ జబ్బు కొత్త కాదు. జంషెడ్‌పూర్‌ను ఆనుకొని, టాటానగర్ స్టేషను దగ్గర్లో ఉన్న జుగ్సలాయి వంటి చోట రెండు మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడైనా, విశాఖపట్నంలోనైనా, పనినుంచి విరమించుకొన్న పెద్దాయన టీవీ ముందు కూర్చొని “ఏమన్నాడు?” అని పక్కవారిని అడిగే ఇల్లు మీకు తెలియకపోదు. పుట్టుకతోనే వినపడని పిల్లవాడు అదే టీవీ ముందు కూర్చొని ఇంటిల్లిపాదీ ఎందుకు నవ్వుతున్నారో తెలియక అందరి ముఖాలూ చూస్తూ ఉండే ఇల్లు కూడా.

తెరపై పలికే మాట అక్కడే అక్షరాలుగా కనిపిస్తే ఈ ఇద్దరి కష్టమూ చాలావరకు తీరుతుంది. అందుకు కావలసిన పరికరం 1970 దశకంలోనే సిద్ధమైంది. అయినా అది ఇంటింటికీ చేరడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. చివరకు చేర్చింది ఇంజినీర్ల నైపుణ్యం ఒక్కటే కాదు, ఒక చట్టంలోని నాలుగైదు వాక్యాలు. ఆ కథలో మనం నేర్చుకోవలసినది చాలా ఉంది.

మాట వచ్చింది, అక్షరం పోయింది

మూకీ సినిమాల కాలంలో బధిరులకూ, చెవి బాగా వినిపించేవారికీ తేడా ఉండేది కాదు. కథ నటుల ముఖాల మీద, మధ్య మధ్య వచ్చే అక్షరాల పలకల మీద నడిచేది. మన దేశపు మూకీల్లో ఆ పలకల మీద ఒకే మాటను రెండు మూడు భాషల్లో రాసేవారు. 1927లో అమెరికాలో ‘ది జాజ్ సింగర్’, 1931లో మన ‘ఆలం ఆరా’, 1932లో తెలుగు ‘భక్త ప్రహ్లాద’ వచ్చాయి. జనం మాట విని మురిసిపోయారు. కానీ తెరమీది పలకలు మాయమయ్యాయి. అప్పటిదాకా అందరితో సమానంగా సినిమా చూసిన బధిరులు ఒక్కసారిగా హాలు బయట మిగిలిపోయారు. కొత్త సాంకేతిక సౌకర్యం వచ్చినప్పుడు పాతదానిలో అందరికీ అందిన వసతి తెలియకుండానే ఊడిపోవడం ఈ కథలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

మూకీల్లో నటించిన ఎమర్సన్ రొమెరో అనే బధిర నటుడు 1947లో పాత సినిమాల రీళ్లను సేకరించి, దృశ్యాల మధ్య అక్షరాల పలకలు మళ్లీ చేర్చి, బధిరుల సంఘాలకు అద్దెకిచ్చే ప్రయత్నం చేశాడు. ఆ బాటలో మరికొందరు నడిచారు. చివరకు 1958లో అమెరికా ప్రభుత్వం బధిరుల కోసం క్యాప్షన్లున్న సినిమాలు సమకూర్చే చట్టం తెచ్చింది. అయితే అప్పటికే టీవీ ఇళ్లలోకి వచ్చేసింది. సినిమా రీలుకు పలక చేర్చవచ్చు గాని, గాలిలో వచ్చే ప్రసారానికి ఎలా చేరుస్తాం?

ఇక్కడ ఒక మాట విడమరచుకోవాలి. సబ్‌టైటిల్, క్యాప్షన్ ఒకటి కావు. చెవి వినిపించినా ఆ భాష రానివారి కోసం వేసే అనువాదం సబ్‌టైటిల్. చెవి వినిపించనివారి కోసం రాసేది క్యాప్షన్. మాటతో పాటు ‘తలుపు చప్పుడు’, ‘దూరంగా రైలు కూత’ అని కూడా అందులో రాస్తారు. అందరి తెరమీదా తప్పనిసరిగా కనిపించేది తెరిచిన క్యాప్షన్. కావాలన్నవారి తెరమీద మాత్రమే కనిపించేది మూసిన క్యాప్షన్, అంటే క్లోజ్డ్ క్యాప్షన్. రిమోట్ మీద ‘సీసీ’ అన్న రెండక్షరాలకు అర్థం ఇదే.

ఇరవై ఒకటో గీత

అమెరికాలోని ప్రమాణాల జాతీయ సంస్థ 1970 ప్రాంతంలో దేశమంతటా కచ్చితమైన గడియారపు సమయాన్ని టీవీ సంకేతంలో దాచి పంపవచ్చునా అని ప్రయోగాలు చేసింది. సమయం సంగతి ముందుకు సాగలేదు. కానీ ఏబీసీ టీవీ సంస్థతో కలిసి చేసిన ఆ ప్రయోగాల్లోంచి మరో ఆలోచన పుట్టింది. గడియారపు అంకెలు దాచగలిగినప్పుడు అక్షరాలు ఎందుకు దాచలేం? 1972 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని గాలోడెట్ బధిరుల కళాశాలలో దాచిన క్యాప్షన్లను బహిరంగంగా చూపించారు. అదే ఏడాది బోస్టన్ నుంచి ప్రసారమయ్యే ‘ది ఫ్రెంచ్ షెఫ్’ అనే వంటల కార్యక్రమం తెరిచిన క్యాప్షన్లతో వచ్చింది.

ఆ దాచడం ఎలాగో చూద్దాం. పాతకాలపు అమెరికా టీవీ బొమ్మలో 525 అడ్డగీతలుండేవి. ఎలక్ట్రాన్ పుంజం తెర అడుగు నుంచి మళ్లీ పైకి చేరుకొనే కొద్దిపాటి వ్యవధిలో బొమ్మ గీయదు. ఆ వ్యవధికి చెందిన గీతలు చూసేవారికి కనబడవు. వాటిలో చివరిదైన 21వ గీతను క్యాప్షన్లకు కేటాయిస్తూ 1976లో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ నిర్ణయం తీసుకొంది. ఒక్కో బొమ్మకు రెండక్షరాల చొప్పున, సెకనుకు సుమారు 30 బొమ్మలకు 60 అక్షరాలు ఈ గీతలో ప్రయాణం చేస్తాయి. మనిషి మాట్లాడే వేగానికి ఇది చాలినంత. డీకోడర్ అనే చిన్న పరికరం ఆ అక్షరాలను పోగుచేసి తెరమీద పరుస్తుంది. డీకోడర్ లేని సెట్టులో ఆ గీత ఉన్నట్టే తెలియదు.

1980 మార్చి 16న అమెరికాలో క్లోజ్డ్ క్యాప్షన్లతో క్రమబద్ధమైన ప్రసారాలు మొదలయ్యాయి. పరిశోధన పూర్తయింది. ప్రమాణం ఖరారైంది. ప్రసారం ఆరంభమైంది. ఇక కథ సుఖాంతం కావాలి. కాలేదు.

పెట్టె బయటి పెట్టె

డీకోడర్‌ను వేరే పెట్టెగా అమ్మారు. వెల సుమారు 250 డాలర్లు. టీవీ సెట్టుకు పెట్టే డబ్బుకు తోడు ఇది అదనం. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. కొన్న తర్వాత తీగలు కలుపుకోవాలి. ఆసుపత్రిలోను, హోటలు గదిలోను, స్నేహితుల ఇంట్లోను ఆ పెట్టె ఉండదు. వయసు మీద పడి వినికిడి తగ్గినవారు తాము బధిరులమని ఒప్పుకోవడానికి ఇష్టపడక ఆ పెట్టె జోలికే పోలేదు. దాదాపు పదేళ్లలో అమ్ముడైనవి నాలుగు లక్షల లోపే. వినికిడి లోపం ఉన్నవారి సంఖ్య మాత్రం రెండు కోట్ల 40 లక్షలని అక్కడి చట్టసభ స్వయంగా లెక్క చెప్పింది.

ఇందులోంచి ఒక విషవలయం తయారైంది. పెట్టెలు తక్కువ గనుక క్యాప్షన్లు చూసేవారు తక్కువ. చూసేవారు తక్కువ గనుక ప్రసార సంస్థలు క్యాప్షన్లకు ఖర్చుపెట్టవు. క్యాప్షన్లున్న కార్యక్రమాలు తక్కువ గనుక పెట్టె కొనాలని ఎవరికీ అనిపించదు. దీన్ని బజారు తనంతట తాను తెంచుకోలేకపోయింది.

1990లో సెనేటర్ టామ్ హార్కిన్ ముందుకు తెచ్చిన ‘టెలివిజన్ డీకోడర్ సర్క్యూట్రీ చట్టం’ ఆ వలయాన్ని ఒక్కచోట తెంచింది. హార్కిన్ అన్న ఫ్రాంక్ బధిరులు. అన్నగారు పడ్డ అవస్థ ఆయన ఇంట్లో చూసిందే. ఆ సంవత్సరం వికలాంగుల హక్కుల చట్టంపై చర్చలో హార్కిన్ సెనేటులో కొంతసేపు సంజ్ఞా భాషలోనే ప్రసంగించారు. డీకోడర్ చట్టం చెప్పింది చాలా చిన్న విషయం. 13 అంగుళాలు, అంతకు మించిన తెర ఉన్న ప్రతి టీవీ సెట్టులోనూ క్యాప్షన్లు చూపే సర్క్యూటు లోపలే ఉండాలి. 1990 అక్టోబర్ 15న అధ్యక్షుడి సంతకమైంది. 1993 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.

సెట్ల తయారీదారులు దీన్ని వ్యతిరేకించారు. కొద్దిమంది కోసం అందరి సెట్ల వెల పెంచడం ఏమి న్యాయమన్నారు. జరిగింది వేరు. ఏటా కోట్ల సంఖ్యలో తయారయ్యే సెట్లలో ఒక చిప్పుగా చేరేసరికి 250 డాలర్ల పెట్టె కొద్దిపాటి డాలర్ల ఖర్చుగా కుదించుకుపోయింది. తర్వాత సెట్టులోని మరో చిప్పులో కలిసిపోయి వేరే వెలంటూ లేకుండా పోయింది. సర్క్యూటు ఇంటింటా ఉంది గనుక కార్యక్రమాలకు కూడా అక్షరాలుండాలని అడగడం తేలికైంది. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం ఆ పని చేసింది. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం 2006 నాటికి కొత్త ఇంగ్లీషు కార్యక్రమాలన్నింటికీ, కొన్ని మినహాయింపులతో, క్యాప్షన్లు తప్పనిసరయ్యాయి.

ఈ క్రమాన్ని గమనించండి. ముందు పరికరం, తర్వాత కార్యక్రమం. మొదటిది లేకుండా రెండోది అడిగితే “చూసేవారేరీ?” అంటారు. రెండోది లేకుండా మొదటిది ఇస్తే మీట ఉంటుంది, నొక్కితే ఏమీ రాదు.

అంగుళాల లెక్క తప్పింది

చట్టం రాసినవారు 1990 నాటి టీవీని చూసి ‘13 అంగుళాలు’ అని రాశారు. ఇరవై ఏళ్లలో తెరలు అరచేతిలోకి వచ్చాయి. వీడియో ఇంటర్నెట్‌లోకి వెళ్లింది. టీవీలో క్యాప్షన్లతో వచ్చిన కార్యక్రమమే ఇంటర్నెట్‌లో అక్షరాలు లేకుండా కనిపించసాగింది. టాకీలు వచ్చినప్పుడు జరిగిందే మరోసారి జరిగింది.

తీగల్లోనూ ఒక చిక్కు వచ్చింది. పాత పద్ధతిలో 21వ గీత బొమ్మలో భాగం గనుక, బొమ్మ ఎక్కడికి వెళ్తే అక్షరాలూ అక్కడికి వెళ్లేవి. ఇప్పుడు సెట్‌టాప్ బాక్సునూ టీవీనీ కలిపే హెచ్‌డీఎంఐ తీగ బొమ్మనూ శబ్దాన్నీ మోస్తుంది గాని విడిగా ఉన్న క్యాప్షన్ల సమాచారాన్ని మోయదు. బాక్సే అక్షరాలను బొమ్మ మీద గీసి పంపాలి. టీవీ రిమోట్ మీద ‘సీసీ’ నొక్కినా ఏమీ కనిపించకపోవడానికి ఒక కారణం ఇది. అందుచేత బాధ్యత టీవీది మాత్రమే అని రాసిన చట్టం చాలదు. బాక్సు పేరు కూడా అందులో ఉండాలి.

అంధుల సంగతి ఇంకా విచిత్రం. పాత టీవీకి టకటకమని తిరిగే చానెల్ మీట ఉండేది. చప్పుళ్లు లెక్కపెట్టుకొని కావలసిన చానెల్ పెట్టుకొనేవారు. తెరమీద జాబితాలు వచ్చాక ఆ వీలు పోయింది. ఏ వరుస మీద ఉన్నామో కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. చూడగలిగినవారి పని తేలికైంది, చూడలేనివారు టీవీ పెట్టుకోవడానికే మరొకరి సాయం అడగవలసి వచ్చింది.

ఈ లోపాలన్నిటినీ సవరిస్తూ అమెరికాలో 2010 అక్టోబర్ 8న ‘21వ శతాబ్దపు కమ్యూనికేషన్లు, వీడియో అందుబాటు చట్టం’ వచ్చింది. తెర ఎంత చిన్నదైనా, అది ఫోనైనా, టాబ్లెట్ అయినా క్యాప్షన్లు చూపగలగాలని, సాంకేతికంగా వీలుకాని చోట మినహాయింపని అది చెప్పింది. టీవీలో వచ్చిన కార్యక్రమం ఇంటర్నెట్‌లో పెడితే క్యాప్షన్లు అక్కడికీ వెంట రావాలంది. క్యాప్షన్లు తెరిచే పద్ధతి ఒక మీట నొక్కినంత తేలికగా ఉండాలంది. ఏడు జాబితాల లోతున దాచిపెడితే కుదరదన్న మాట. అంధుల కోసం తెరమీది జాబితాలను పరికరం పైకి చదివి వినిపించాలని కూడా ఆదేశించింది. 2014లో క్యాప్షన్ల నాణ్యతకు నాలుగు పరీక్షలు పెట్టారు. అక్షరాలు పలికిన మాటకు కచ్చితంగా సరిపోవాలి, మాటతో పాటే రావాలి, మొదటి నుంచి చివరి దాకా ఉండాలి, ముఖాలనూ ముఖ్యమైన బొమ్మలనూ కప్పెయ్యకూడదు.

ఐరోపా దేశాలు మరో దారిన వెళ్లాయి. 2014లో మొదటిసారి వెలువడిన వారి ఈఎన్ 301 549 ప్రమాణంలో వీడియో చూపే పరికరాలకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. క్యాప్షన్ తన సమయానికి సెకనులో పదోవంతు లోపల తెరమీదికి రావాలి. వీడియోను మరో పరికరానికి పంపేటప్పుడు అక్షరాలు రాలిపోకూడదు. క్యాప్షన్ల మీట, శబ్దం పెంచే మీట ఎంత సులువుగా దొరుకుతుందో అంత సులువుగా దొరకాలి. 2019లో చేసిన ఐరోపా అందుబాటు చట్టం 2025 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చింది.

మన చట్టం, మన నియమం

మన దూరదర్శన్‌లో బధిరుల కోసం వారానికోసారి సంజ్ఞా భాషలో వార్తలు 1987లో మొదలయ్యాయి. చాలామంది ఆ ఆదివారపు వార్తలను గుర్తుపట్టే ఉంటారు. ఏడు రోజుల వార్తలు ఒక్క రోజున. 1995లో వచ్చిన మన మొదటి వికలాంగుల చట్టం రోడ్లు, వాహనాలు, భవనాల గురించి మాట్లాడింది గాని టీవీ తెరదాకా రాలేదు. అదే కాలంలో ఉపగ్రహ చానెళ్లు వచ్చాయి. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాక జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్ వంటి చోట్ల తెలుగిళ్లలో రోజూ తెలుగు వినిపించడం సాధ్యమైంది. వినగలిగినవారికి.

ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. టీవీ కార్యక్రమాలు, సినిమాలు అందుకోగల రూపంలో ఉండడం అందులో ఒక హక్కు. దాని ప్రకారం చేసిన ‘వికలాంగుల హక్కుల చట్టం, 2016’ను మీరొకసారి తిరగేయండి. 42వ సెక్షన్ మూడు మాటలు చెబుతుంది. ఒకటి, ప్రసార సాధనాల్లోని సమాచారమంతా అందుకోగల రూపంలో ఉండాలి. రెండు, ఆడియో వర్ణన, సంజ్ఞా భాష, క్లోజ్డ్ క్యాప్షన్లు కల్పించాలి. మూడు, నిత్యం వాడుకొనే ఎలక్ట్రానిక్ వస్తువులు సార్వత్రిక రూపకల్పనతో దొరకాలి. ఈ మూడో మాట 1990 నాటి డీకోడర్ చట్టానికి దగ్గరి చుట్టం. ‘వికలాంగులకు వేరే పెట్టె’ కాదు, అందరి పెట్టెలోనే ఆ వసతి ఉండాలని దాని భావం.

చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. 2019 సెప్టెంబర్‌లో సమాచార ప్రసార శాఖ టీవీ కార్యక్రమాలకు క్యాప్షన్లు, సంజ్ఞా భాష దశలవారీగా పెంచే ప్రమాణాలు వెలువరించింది. ఐరోపా ప్రమాణం ఆధారంగా భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 అనే ప్రమాణాన్ని 2021, 2022ల్లో రెండు భాగాలుగా తయారుచేసింది. 2023 మే నెలలో దాన్ని చట్టం కింది నియమాల్లో చేర్చారు. అదే ఏడాది జనవరిలో ‘పఠాన్’ సినిమా గురించి కొందరు వికలాంగులు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు, ఓటీటీలో విడుదలయ్యేనాటికి క్యాప్షన్లు, ఆడియో వర్ణన సిద్ధం చేయాలంది. 2024 మార్చిలో సినిమా హాళ్లకు మార్గదర్శకాలు వచ్చాయి.

జాబితా బాగానే ఉంది. మరి మన రిమోట్ మీద మీట ఎందుకు నిద్రపోతోంది? దీనికి సమాధానం 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఇచ్చిన తీర్పులో దొరుకుతుంది. దృష్టి లోపం ఉన్న రతూరి ఈ కేసు వేసింది 2005లో. రోడ్లు, రవాణా, భవనాలు వికలాంగులకు అందుబాటులో లేవన్నది ఆయన ఫిర్యాదు. విచారణ సందర్భంగా దేశంలో పరిస్థితి అధ్యయనం చేసి నివేదిక ఇవ్వవలసిందని కోర్టు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదిక ఒక లోపం మీద వేలు పెట్టింది. చట్టం ‘చేయాలి’ అంటుంది. దాని కింద చేసిన 15వ నియమం ఆయా శాఖల మార్గదర్శకాలకు దారి చూపుతుంది. ఆ మార్గదర్శకాల్లో ఎక్కువ భాగం ‘చేస్తే మంచిది’ అనే ధోరణిలో ఉన్నాయి. పాటించకపోతే అడగడానికి ఆధారం లేదు.

సుప్రీంకోర్టు ఈ వాదనతో ఏకీభవించింది. 15వ నియమంలోని మొదటి భాగం మూల చట్టానికి విరుద్ధమని కొట్టివేసింది. ఎవరూ తప్పించుకోవడానికి వీల్లేని కనీస నియమాలను మార్గదర్శకాల నుంచి వేరుచేసి, మూడు నెలల్లో తయారు చేయవలసిందని కేంద్రాన్ని ఆదేశించింది. తీర్పు టీవీల గురించి కాకపోయినా, ఆ నియమం కిందనే ఉన్న సమాచార సాంకేతిక ప్రమాణాలకు కూడా దీని ప్రభావం ఉంటుంది. 1980కీ 1993కీ మధ్య అమెరికాలో ఉన్న తేడా, మన ‘చేస్తే మంచిది’కీ ‘చేయాలి’కీ మధ్య ఉన్న తేడా ఒకటే.

తెలుగు అక్షరాల సంగతి

మనకు మరో ప్రత్యేకమైన చిక్కు ఉండేది. 21వ గీత పద్ధతి ఇంగ్లీషు కోసం పుట్టింది. అందులో రోమన్ అక్షరాలు, కొన్ని ఐరోపా భాషల గుర్తులు ఉండేవి. తెరను 32 నిలువు గళ్లుగా విభజించి గడికో అక్షరం చొప్పున పేర్చేది. ‘స్త్రీ’ అన్న మాటను తీసుకోండి. కంప్యూటరు లెక్కలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు సంకేతాలు. కంటికి మాత్రం వత్తులు కిందా పక్కనా సర్దుకొన్న ఒకే ఒక్క రూపం. గడికో అక్షరం పేర్చే యంత్రానికి ఇది మింగుడుపడదు.

ఆ అడ్డంకి ఇప్పుడు లేదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. ఫోన్లు తెలుగును చక్కగా చూపిస్తున్నాయి. డిజిటల్ ప్రసారాల్లోని డీవీబీ సబ్‌టైటిల్ పద్ధతి అక్షరాల సంకేతాలకు బదులు అక్షరాల బొమ్మలనే పంపగలదు. బొమ్మకు లిపి భేదం లేదు. కనుక తెలుగు క్యాప్షన్లకు సాంకేతికంగా ఇప్పుడు అడ్డు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇంగ్లీషు క్యాప్షన్లు వేసి చట్టం పాటించామనుకొంటే, తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దలకు ఒరిగేదేమీ లేదు.

మన జనాభా లెక్కల్లో 2011 నాటికి వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల 71 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో గణనీయమైన వినికిడి లోపం ఉన్న భారతీయులు 6 కోట్లకు పైనే. రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ల నష్టం దాటితేనే 2016 చట్టం వినికిడి లోపంగా లెక్కిస్తుంది. మోతలో పనిచేసి హల్లులు పోగొట్టుకొన్న పెద్దాయనకు చాలాసార్లు ఏ ధ్రువపత్రమూ రాదు. వసతి అందరి సెట్టులోనూ ఉంటే ఆయన ధ్రువపత్రం చూపనక్కరలేదు, మీట నొక్కితే చాలు.

లాభం ఆయనతోనే ఆగదు. అహ్మదాబాద్‌లోని ఐఐఎంకు చెందిన బ్రిజ్ కొఠారి 1996 నుంచి చెబుతున్న విషయం ఇదే. పాట ఏ భాషలో వినిపిస్తుందో అదే భాషలో అక్షరాలు కనిపిస్తే చదువు అంతంతమాత్రంగా వచ్చినవారు తెలియకుండానే చదవడం నేర్చుకొంటారు. గుజరాత్ దూరదర్శన్‌లో 1999లోను, ‘చిత్రహార్’లో 2002లోను ఆ పద్ధతి అమలు చేశారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుకొనే ప్రవాసాంధ్ర పిల్లలకు తెలుగు లిపి దగ్గర కావడానికి ఇంతకంటె తేలిక మార్గం ఏముంది?

అయితే క్యాప్షన్ సర్వరోగ నివారిణి కాదు. పుట్టుకతో వినపడక సంజ్ఞా భాషే మాతృభాషగా ఎదిగినవారికి చదవడం రెండో భాష వంటిది. వారికి తెరమీద సంజ్ఞలు చేసే మనిషి కావాలి. అంధులకు మాటల మధ్య ఖాళీలో దృశ్యాన్ని చెప్పే ఆడియో వర్ణన కావాలి. యంత్రం తనంతట తాను రాసే క్యాప్షన్లు వచ్చాయి గాని, అవి ‘పాలు’ను ‘కాలు’గా రాస్తే చెవి చేసిన తప్పే తెర కూడా చేసినట్లవుతుంది. నాణ్యతకు నాలుగు పరీక్షలు పెట్టింది అందుకే.

మీరేం అడగాలి?

నియమాల ముసాయిదాలు వెలువడినప్పుడు ప్రభుత్వం ప్రజల అభిప్రాయాలు కోరుతుంది. వాటిని చదివే సాధారణ పౌరులు చాలా తక్కువ. చదవడం కష్టమేమీ కాదు, మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకొంటే చాలు. నియమం ‘చేయాలి’ అంటోందా, ‘చేయవచ్చు’ అంటోందా? సెట్టు, సెట్‌టాప్ బాక్సు, ఫోను, కార్యక్రమం అన్నిటి పేరూ అందులో ఉందా, లేక ఒకరి మీద ఒకరు నెట్టుకొనే సందు మిగిలిందా? క్యాప్షన్ పలికిన భాషలోనే ఉండాలని స్పష్టంగా రాశారా? ఈ మూడింటికీ సరైన జవాబు లేని ముసాయిదాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.

కొత్త టీవీ కొనేటప్పుడు దుకాణదారును కూడా అడగండి. క్యాప్షన్ల మీట ఎక్కడుంది, తెలుగు అక్షరాలు చూపుతుందా, జాబితాలను పైకి చదువుతుందా అని. మీ ఇంట్లో ఆ అవసరం ఇవాళ లేకపోవచ్చు. చెవికి మాత్రం వయసు వస్తుంది. అడిగేవారు పదిమందైతే అమ్మేవాడు తెప్పించేవాణ్ణి అడుగుతాడు, తెప్పించేవాడు తయారుచేసేవాణ్ణి అడుగుతాడు. అమెరికాలో బధిరుల సంఘాలు పదేళ్లు ఇలా అడుగుతూ పోయాకే ఆ నాలుగైదు వాక్యాలు చట్టంలోకి ఎక్కాయి.